ఒక నిమిషం పద్నాలుగు సెకన్లు

పోయిన వారం మనం నుర్జమాల్‌ని మూటలు కట్టుకుంటుండగా వదిలిపెట్టాం. ఆమె మొగుడు తెమిర్‌బెక్ లారీతో సహా డోలోన్ కనుమలో జారిపడి ప్రాణం వదిలాడు. తెల్లవారితే నలభయ్యో రోజు. వాళ్ళ ఊరు అట్‌బాషీలో ఎవరింట చావు జరిగినా ముందు కబురు వెళ్ళేది అతని తల్లి బుర్మాకాన్‌కే. ఆవిడ గుడారంలో కూర్చుని కోషోక్, అంటే చావుపాట, ఎత్తుకుందంటే, పోయినవాడితో పదేళ్ళుగా మాటల్లేనివాడు కూడా బావురుమనాల్సిందే. అలాంటి మనిషి సొంత కొడుకు శవం ముందు పెదవి విప్పలేదు. మూడు రోజులూ మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

"నూరూజ్ పండక్కి పిల్లకి కోటు తెమ్మని ఆయన్ని మంచులో తరిమింది నేనే కదా. ఆవిడ మనసులో అదే ఉంది. నా మొగుడికి ఒక్క ముక్క శోకం దక్కని ఇంట్లో నేనుండను. నలభై కాగానే పిల్లల్ని తీసుకుని తలాస్ పోతాను, మా పుట్టింటికి," అని తోడికోడలు ఐజిరెక్‌తో తెగేసి చెప్పింది నుర్జమాల్.

ఐజిరెక్ తాడు అందిస్తూ తల దించుకుంది. చిన్న కోడలు కదా, పెద్ద కోడలు కోపంగా ఉన్నప్పుడు తల దించుకుంటే మర్యాదలో కలిసిపోతుంది. మర్యాద చాటున ఎంత పిరికితనం దాక్కుంటుందో ఆమెకే తెలుసు. అత్తగారి మౌనానికి కారణం మంచూ కాదు, కోటూ కాదు, తన ఫోను అనే అనుమానం నలభై రోజులుగా ఆమెను తొలిచేస్తోంది.

పైగా ఆ ఫోనులోకే ఉత్తరం వచ్చి పడింది. గడువు ఆ నలభయ్యో రోజు సాయంత్రం ఆరింటికి.

తెల్లారేసరికి పెరట్లో గుడారం లేచింది. ఐజిరెక్ మొగుడు కుబాత్, నలుగురు చుట్టాలు కలిసి గుర్రాన్ని కోసి మాంసం పెద్ద బాణలికి ఎక్కిస్తున్నారు. ఇవతల పొయ్యి దగ్గర అత్తాకోడళ్ళు బోర్సోక్‌లు వేయిస్తున్నారు. పిండి పలకలుగా ఒత్తి ముక్కలు కోసేది ఐజిరెక్. నూనెలో వేసి అవి బంగారు రంగులో పొంగగానే తీసేది బుర్మాకాన్. వేడి నూనె వాసన పోయినవాళ్ళకి చేరుతుందంటారు. అందుకని ఇంత దుఃఖంలోనూ ఆవిడ చేయి ఆగలేదు. చేయి బాగానే ఆడుతోంది, నోరే ఆడటం లేదు.

"అపా," అంది ఐజిరెక్. తల్లినైనా అత్తనైనా ఆ ఊళ్ళో పిలుపు అదే. "మీతో ఒక మాట."

"ముక్కలు చిన్నగా కొయ్. అంత పెద్దవైతే లోపల పచ్చిగా ఉంటాయి."

ఐజిరెక్ చిన్నగా కోసింది.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలంటే ముందు నిబంధనల సంగతి చెప్పాలి. వీడియోలు పెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునేవాళ్ళకి ఆ వేదిక వాళ్ళు పెట్టిన షరతులున్నాయి. ఐజిరెక్‌కి అవి కంఠతా వచ్చు. స్కూల్లో రసాయన శాస్త్రం కూడా ఆ పిల్ల అంత శ్రద్ధగా చదవలేదు. కనీసం పదివేల మంది మనల్ని అనుసరించాలి. పాట మనది కాకపోతే వాడకూడదు. ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని వాళ్ళ సబ్బును పొగిడితే, ఇది ప్రకటన అని కనిపించేలా రాయాలి. పనిచేస్తున్న పసిపిల్లల్ని చూపించకూడదు. నుర్జమాల్ కూతురు ఒకసారి వెనక మూల కూర్చుని ఊలు విడదీస్తూ కనిపించిందని మొత్తం వీడియోనే తీసేశారు. చివరిదొకటుంది. వీడియో ఒక నిమిషం దాటాలి. యాభై తొమ్మిది సెకన్లుంటే ఎంత మంది చూసినా ఒక్క పైసా కూడా రాదు.

ఐజిరెక్ ఛానల్లో ఉండేది షిర్డాక్‌ల పని. ఊలు తడపడం, చాపలో చుట్టి తొక్కడం, రంగు ముక్కలు కత్తిరించి తివాచీగా కుట్టడం. కాళ్ళు తప్ప మొహం చూపించేది కాదు మొదట్లో. "మా చిన్న కోడలి కాళ్ళకి అమెరికాలో అభిమానులున్నారు," అని బావగారు తెమిర్‌బెక్ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఆ కాళ్ళ మీదే మెల్లమెల్లగా ఇల్లు నిలబడింది. తెమిర్‌బెక్ పోయాక రెండు సంసారాలకీ పిండీ బొగ్గూ దాని మీదే వస్తున్నాయి. రేపు నుర్జమాల్ పిల్లలు స్కూలుకి వెళ్ళాలన్నా అదే దిక్కు. ఇప్పుడా దిక్కే పోయేలా ఉంది.

ఎవడో ఒకడు ఆమె వీడియోని ఎత్తుకుపోయి, వెనకాల డప్పు మోత కలిపి, తన పేరున పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు ఊరుకోకుండా ఐజిరెక్కే దొంగ అని ఫిర్యాదు చేశాడు. వేదిక వాళ్ళు మర్యాదగా ఉత్తరం రాశారు. అది మీ సొంతమైతే కోతల్లేని అసలు రికార్డింగు పంపండి. ఎప్పుడు, ఏ సందర్భంలో తీశారో రాయండి. అందులో కనిపించే, వినిపించే ప్రతి ఒక్కరి పేరూ, వాళ్ళ సమ్మతీ జతచేయండి. ఎవరైనా మరణించి ఉంటే వారి దగ్గరి వారసుల సమ్మతి తప్పనిసరి. గడువు దాటితే ఛానల్ ఆదాయం శాశ్వతంగా ఆగిపోతుంది.

ఇంతకీ ఎత్తుకుపోయింది ఊలు తొక్కిన వీడియో కాదు. అదైతే ఇంత బాధెందుకు? అది బుర్మాకాన్ కోషోక్.

కిందటి సెప్టెంబరులో బుర్మాకాన్ తమ్ముడు అసనాలీ పోయాడు. గుడారంలో ఆవిడ తమ్ముడి మీద కోషోక్ పాడుతుంటే ఐజిరెక్ ఫోను చేతి మడతలో దాచి తీసింది. నలభై ఒక్క సెకన్లు. ఎవరో తోసుకు రావడంతో ఆపేసింది. ఊళ్ళోవాళ్ళు ఏమంటారో అని భయపడుతూనే పెట్టింది. షిర్డాక్ వీడియోని వెయ్యి మంది చూస్తే గొప్ప. దీన్ని రెండు రోజుల్లో అరవై వేల మంది చూశారు. ఎక్కడెక్కడి వాళ్ళో, భాష రానివాళ్ళు కూడా, మా అమ్మ గుర్తొచ్చిందని రాశారు. ఊరివాళ్ళూ తిట్టలేదు సరికదా, బుర్మాకాన్ గొంతు ప్రపంచమంతా విందని గర్వపడ్డారు. చేతికి మాత్రం ఏమీ రాలేదు. పందొమ్మిది సెకన్లు తక్కువైంది.

ఆ పందొమ్మిది సెకన్లు ఐజిరెక్ బుర్రలో పురుగులా దూరాయి.

నవంబరు మధ్యలో, అసనాలీ నలభై కూడా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం అత్తగారి దగ్గర చేరింది. "అపా, ఇంకొక్కసారి పాడరా? పూర్తిగా, నిమిషం దాటేలా."

"ఎవరు పోయారని?"

"ఎవరూ పోలేదు. మామయ్య మీదే పాడండి."

"సాగనంపిన మనిషిని మళ్ళీ వెనక్కి పిలుస్తామా? వాడి దారిన వాణ్ణి పోనీ." బుర్మాకాన్ టీ గిన్నె కింద పెట్టింది. "మనిషి పోకుండా కోషోక్ పాడకూడదమ్మాయ్. ఖాళీ కోషోక్ ఊరికే తిరగదు, ఎవరో ఒకర్ని వెతుక్కుంటుంది."

ఐజిరెక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ పిల్ల అత్తగారిని ఏదీ అడిగి ఎరగదు. బుర్మాకాన్ చూడలేకపోయింది. మంచి మనసు ఒక్కోసారి ఎంత పని చేస్తుందో చూడండి.

"సరే ఏడవకు. నీ పాత ఫోను పోయిందిగా మొన్న, నీళ్ళలో పడి? దాని మీద పాడతాను. పేరు మాత్రం పెట్టను," అని నవ్వుతూ తెల్ల తలగుడ్డ సర్దుకుంది.

అలా నవ్వులాటగా మొదలైంది. రెండు చరణాలు నిజంగా ఫోను మీద పాడుతున్నట్టే పాడింది. తర్వాత ఏమైందో, గొంతు కిందికి దిగింది. కళ్ళు మూసుకుంది. "జీను వేసిన గుర్రం వాకిట్లో ఉంది, ఎక్కేవాడేడీ బోతోమ్? పాలు పొంగి పొయ్యి ఆరింది, అరిచేవాడేడీ బోతోమ్?" అంటూ చెంపల మీద నీళ్ళు కారుతుండగా పాడుకుంటూ పోయింది. బోతోమ్ అంటే నా ఒంటెపిల్లా అని. ఆ వైపు ఒంటెలు కనబడక ఎన్నేళ్ళయిందో గానీ తల్లుల నోట ఆ పిలుపు మిగిలే ఉంది.

ఐజిరెక్‌కి వద్దు అపా, ఆపండి అనాలనిపించింది. ఫోను మీద అంకెలు చూసింది. నలభై ఎనిమిది. ఆపలేదు. ఆ తర్వాత నవ్వులాట ముక్క తీసేసి, చివర తీసేసి, ఒక నిమిషం పద్నాలుగు సెకన్లు ఉంచి, పైన 'తల్లి శోకం' అని రెండే మాటలు రాసి పెట్టింది. ఊళ్ళో చూసినవాళ్ళందరూ అది అసనాలీ చావునాటిదే అనుకున్నారు. ఐజిరెక్ కాదనలేదు. మూడు లక్షల మంది చూశారు. ఎవడో ఎత్తుకుపోయింది దీన్నే.

నాలుగు నెలలకి తెమిర్‌బెక్ పోయాడు.

"అపా," అంది మళ్ళీ, కత్తి పక్కన పెట్టి. "పెద్దక్క వెళ్ళిపోతానంటోంది. మీరు పాడలేదని. తన తప్పని మీరనుకుంటున్నారని."

బుర్మాకాన్ చిల్లుల గరిట నూనెలోనే ఆగిపోయింది. "దాని తప్పేంటి? పిల్లకి కోటు తెమ్మనడం తప్పా?"

"మరి చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? చెబితే ఇంకోటి కూడా చెప్పాలి."

ఒక వాయి మాడిపోయింది. ఆవిడ దాన్ని తీసి పక్కన పోసి, తీరిగ్గా ఇంకో వాయి వేసింది. అప్పుడు చెప్పింది, కోడలి మొహం చూడకుండా.

"అసనాలీని నేను తమ్ముడా అనే పిలిచేదాన్ని. కుబాత్‌ని చిన్నోడా అంటాను. నా జన్మలో బోతోమ్ అని పిలిచింది ఒక్కణ్ణే. ఆ రోజు పేరు పెట్టనన్నాను కదా. పేరు పెట్టలేదు. పేరు లేకపోతే నోరు తనకి అలవాటైన పిలుపు వెతుక్కుంది."

ఐజిరెక్ రెండు చేతులూ పిండిలోనే ఉండిపోయాయి. తెలుసు. ఆ రోజే తెలుసు. ఇంట్లో పొద్దున లేస్తే వినే పిలుపు అది, తెలియకపోవడమేంటి? తెలిసే, తల్లి ఏడుపైతే జనం ఆగి చూస్తారని లోపల్లోపల సంతోషించింది. ఇప్పుడా సంతోషం తలచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏ తల్లీ కొడుకు మీద పాడాల్సిన మాటలు ముందే కట్టి దాచుకోదు," అంది బుర్మాకాన్. "అవి నాలో ఉన్నాయని నాకే తెలీదు. నువ్వు అడిగితే వచ్చేశాయి. వాణ్ణి తీసుకొచ్చి నా ముందు పడుకోబెట్టిన రోజున నోరు తెరిచాను. మళ్ళీ అవే వచ్చాయి. అదే గుర్రం, అవే పాలు. లోకమంతా విని, చప్పరించి వదిలేసినవి. ఎంగిలి మాటలు నా బిడ్డకి ఎలా పెట్టనే?"

"అపా, నన్ను తిట్టండి. కొట్టండి."

"నిన్ను కొడితే వాడొస్తాడా? అడిగింది నువ్వు. పాడిన నోరు నాది." గరిట అంచుకి కొట్టి నూనె దులిపింది. "నుర్జమాల్‌కి ఈ సంగతి చెబితే ఏమవుతుందో ఆలోచించావా? బతికుండగానే మీ అత్త నీ మొగుడి మీద శోకం పాడిందని చెప్పనా? నన్ను తప్పుపట్టుకుని వెళ్ళిపోనీ. నిన్ను తప్పుపట్టుకుని ఇక్కడే ఉంటే అంతకన్నా నరకం."

ఐజిరెక్ ఇక అక్కడ నిలబడలేకపోయింది. పిండి చేతులతోనే ఇంట్లోకి పరిగెత్తి, వెనక గదిలో షిర్డాక్‌ల దొంతర మీద కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక చేతులు తుడుచుకుని ఫోను తీసింది. మనుషులు అంతే. గుండె పగిలినా గడువు గుర్తుంటుంది.

అసలు రికార్డింగు ఉంది. మొత్తం రెండు నిమిషాల ఆరు సెకన్లు. చెరిపేద్దామని ఎన్నిసార్లు అనుకుందో, ఎందుకో చేయి రాలేదు. ఫారం తెరిచింది. తేదీ రాసింది. 'సందర్భం' అన్న గడి దగ్గర వేలు ఆగింది. మరణం అని రాస్తే అబద్ధం. ఏమీ లేదు అని రాస్తే నిజం. ఆ రెండూ రాయకుండా కిందికి జరిపింది.

'రికార్డింగులో వినిపించే ఇతరుల పేర్లు.'

ఇక్కడ ఇంకో చిక్కు. ఆ ఇంట కోడలు బావగారి పేరు నోటితో అనకూడదు. తెమిర్ అంటే ఇనుము. కాపురానికి వచ్చిన కొత్తలో ఐజిరెక్ ఇనుప పెనాన్ని కూడా 'ఆ గట్టి పెనం' అనేది. తెమిర్‌బెక్ అది పట్టుకుని, "చిన్న కోడలా, లారీ చక్రం దేంతో చేస్తారే? పట్టాలు దేంతో వేస్తారే?" అని అల్లరి పెట్టేవాడు. ఆమె ఎర్రబడిపోయి "గట్టిదాంతో" అంటే పగలబడి నవ్వేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా పలకని పేరుని ఇప్పుడు ఒక్కో అక్షరం కొట్టింది. దాని పక్కనే చిన్న గడి. 'మరణించినచో, వారసుల సమ్మతి.'

ఒకసారి చివరిదాకా విని చూద్దామని, గొంతు బాగా తగ్గించి నొక్కింది. బుర్మాకాన్ నవ్వు, ఫోను మీద పాట, తర్వాత ఆ గుర్రం, ఆ పాలు. నిమిషం దాటింది. తను కోసేసిన చోటు దాటింది. తలుపు కిర్రుమంది. మంచు దులుపుకుంటున్న బూట్ల చప్పుడు.

"అపా! ఎవరు పోయారు?"

తెమిర్‌బెక్ గొంతు.

"ఎవరూ పోలేదు బోతోమ్," బుర్మాకాన్ ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది. "ఐజిరెక్ ఫోను పోయింది."

"ఓసి, నా మీదే పాడుతున్నావేమో అనుకుని హడలి చచ్చాను! పాడితే పాడావు గానీ అపా, ఇంకాస్త గట్టిగా పాడాలి. నీ కొడుకంటే మాటలా? వీధి చివరిదాకా వినిపించొద్దూ?"

నవ్వులు. ముగ్గురివీ. ఆ మూడింట్లో తన నవ్వే అందరికన్నా పెద్దగా ఉంది. ఐజిరెక్ పెదవి కొరుక్కుంది.

"మళ్ళీ పెట్టు."

ఐజిరెక్ ఉలిక్కిపడి తల తిప్పింది. గుమ్మంలో నుర్జమాల్. నల్ల తలగుడ్డ, నల్ల గౌను, చేతుల్లో గుడారంలోకి తీసుకెళ్ళాల్సిన పరుపుల మడతలు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో.

"ఎజే," అంది ఐజిరెక్ లేచి నిలబడి. అక్కని అక్కడ అలాగే పిలుస్తారు.

"మళ్ళీ పెట్టు అన్నానా."

పెట్టింది. నుర్జమాల్ పరుపులు దించలేదు. అలాగే నిలబడి, మొగుడి గొంతు వస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి వింది. నలభై రోజుల తర్వాత ఆ గొంతు ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవులు కూడా కొంచెం కదిలాయి. అది నవ్వో ఏడుపో ఐజిరెక్‌కి అర్థం కాలేదు.

"ఎప్పుడిది?"

"నవంబర్లో. నువ్వు తలాస్ వెళ్ళినప్పుడు."

"అసనాలీ మామయ్య చావునాటిది కాదా?"

"కాదు."

"నేను అనుకుంటూనే ఉన్నా," నుర్జమాల్ గొంతు మామూలుగానే ఉంది. అదే భయం వేసింది. "ఆ మాట వినగానే అనుకున్నా. తమ్ముడికి కూడా నా మొగుడి పిలుపే పెట్టిందేంటి అని. అడిగితే బాగుండదని ఊరుకున్నా. అయితే ఎవరి మీద పాడింది?"

"ఎవరి మీదా కాదు ఎజే. నేనే అడిగాను. మొదటిది నలభై ఒక్క సెకన్లే వచ్చింది. నిమిషం దాటితే గానీ వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. అపా వద్దంది. నేనే ఏడ్చి ఒప్పించాను. అందుకే ఆయన పోయినప్పుడు అపా పాడలేకపోయింది. ఆ మాటలన్నీ అప్పుడే అయిపోయాయంది. నీ తప్పు కాదు ఎజే. నీ కోటు తప్పు కాదు. నాది." చెప్పేసింది. నలభై రోజులు మోసినది నాలుగు ముక్కల్లో అయిపోయింది. తేలికవుతుందనుకుంది గానీ, అవలేదు.

నుర్జమాల్ పరుపులు కింద పెట్టి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా సర్దింది. సర్దడం అయ్యాక చెయ్యి చాపింది. ఐజిరెక్ ఫోను ఇచ్చింది. ఫారం ఇంకా తెరిచే ఉంది. నుర్జమాల్ దాన్ని పై నుంచి కిందిదాకా చదివింది. మొగుడి పేరు దగ్గర ఆగింది. పక్కన వారసుల గడి దగ్గర ఇంకాసేపు ఆగింది.

"ఇది మొత్తం ఎంతుంది?"

"రెండు నిమిషాల ఆరు."

"నువ్వు పెట్టిందెంత?"

"ఒక నిమిషం పద్నాలుగు."

"అంటే ఆయన్ని కోసేశావన్నమాట."

ఐజిరెక్ ఫోను వైపు చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"నలభై రోజులు," అంది నుర్జమాల్. "నలభై రోజులు రాత్రీ పగలూ ఆయన గొంతు గుర్తుచేసుకోవాలని చూశాను ఐజిరెక్. పిల్ల అడిగేది, నాన్న ఎలా పిలిచేవాడమ్మా అని. నాకు గుర్తొచ్చేది కాదు. పిచ్చిదాన్నయిపోతున్నాననుకున్నా. నువ్వేమో జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. పక్క గదిలో. నాకు టీ ఇచ్చేటప్పుడు కూడా నీ జేబులోనే ఉన్నాడు కదే ఆయన!"

ఐజిరెక్ మోకాళ్ళ మీద కూలబడి ఆమె గౌను అంచు పట్టుకుంది. తను చేసిన తప్పుల్లో ఇదొకటుందని ఆ క్షణం దాకా ఆమెకు తట్టనే లేదు. శోకం పాడించడం తప్పనుకుంది, అబద్ధం చాటున దాక్కోవడం తప్పనుకుంది. దాచుకున్నది ఒక మనిషి నవ్వు అని, దాని మీద ఇంకొకరికి హక్కుందని ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళు రాసిన నిబంధన గుర్తుచేయాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి కేకలు వినిపించాయి.

కోచ్‌కోర్ నుంచి బుర్మాకాన్ పుట్టింటివాళ్ళు. మట్టి ఇచ్చిన రోజున కనుమ మూసేయడంతో రాలేకపోయారు. ఇప్పుడు కార్లు వీధి చివరే ఆపేసి, పది మంది మగవాళ్ళు నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులతో పరుగెత్తుకొస్తున్నారు. "అయ్యో మేనల్లుడా! మా అండా దండా పోయిందిరా!" అని పెద్ద గొంతులతో. మగవాళ్ళు అలా వస్తుంటే గుడారంలోంచి ఆడవాళ్ళు కోషోక్‌తో ఎదురు పలకాలి. పలక్కపోతే పోయినవాడికి ఈ ఇంట్లో ఏడ్చే దిక్కు లేదని అర్థం. మొన్న ఊరివాళ్ళ ముందు జరిగిన అవమానం ఈరోజు పుట్టింటివాళ్ళ ముందు జరగబోతోంది.

కిటికీలోంచి పెరడంతా కనిపిస్తోంది. కుబాత్ చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తాడు. బుర్మాకాన్ పొయ్యి దగ్గర నుంచి లేచి గుడారంలోకి వెళ్ళింది. తన చోట కూర్చుంది. మొహం అటు తిప్పుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆవిడ వైపే చూస్తున్నారు. బయట కేకలు దగ్గరవుతున్నాయి. గుడారంలో నిశ్శబ్దం.

నుర్జమాల్ తలగుడ్డ సవరించుకుంది. ఫోను చేతిలోనే ఉంది.

"ఎజే, ఎక్కడికి?" ఐజిరెక్ కాళ్ళకి అడ్డం పడబోయింది. "వద్దు. అపా తట్టుకోలేదు. ఊరంతా ఉంది. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే. నా మొగుడి నలభై ఇవాళ. నా చోట నేను కూర్చోవాలి."

గడప దాటింది. పెరట్లో అడుగు పెట్టింది. ఐజిరెక్ వెనకే పరిగెత్తింది. నుర్జమాల్ నడుస్తూనే ఫోను పక్కనున్న మీట నొక్కడం చూసింది. ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ, గొంతు ఇక పెరగనంత పెంచేదాకా.

"ఎజే!"

నుర్జమాల్ గుడారం తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఐజిరెక్‌కి అనిపించింది.

"వీధి చివరిదాకా వినిపించాలన్నాడుగా," అంది నుర్జమాల్.

అని తలుపు తెర పైకెత్తింది. లోపల బుర్మాకాన్ తల తిప్పి, ముందు కోడలి మొహం, తర్వాత కోడలి చేతిలో ఫోనూ చూసింది.